సమ్మతి

ఇల్లు నడపు స్త్రీ నెలకెన్ని చోట్ల చేవ్రాలు చేయునో లెక్కలేదు. పిల్లల మార్కుల పట్టికపై, గ్యాసుబండ రసీదుపై, పొదుపు సంఘపు పుస్తకముపై, బ్యాంకు కాగితములపై చేయుచునే యుందుము. వానిలో నెన్నింటిని చదివి చేసితిమని యెవరైన నడిగినచో తల వంచుకొనవలసినదే. మేమును అట్టివారిలోని వారమే. గడచిన సంవత్సరము శ్రావణమాసమున నొక కాగితము మా ముందునకు వచ్చెను. దానిపై చేవ్రాలు పడుటకు ముందు మేము పడిన భయము, చేసిన తప్పులు, పిదప తెలిసికొన్న సంగతులు సోదరీమణులకు చెప్పవలెనని యిది వ్రాయుచున్నాము.

మా వారు కృష్ణాతీరమున నొక చిన్న పట్టణములో బడిపంతులు. పిల్లలకు లెక్కలు చెప్పుదురు. మా వదినగారి కుమార్తె, పందొమ్మిదేండ్ల పిల్ల, మా యింటనే యుండి కళాశాలలో చదువుచున్నది. వారి యూర కళాశాల లేదు. కన్నతల్లి నమ్మి మా చేతిలో పెట్టిన బిడ్డ గనుక ఆమె మంచిచెడ్డలకు బాధ్యత మాదే.

శ్రావణము ప్రవేశించిన కొలది దినములకు ఆ పిల్ల చేతులమీద నీలిమచ్చలు కనిపించెను. బిందె తగిలినదేమో యనుకొంటిమి. పండ్లు తోముకొనునప్పుడు చిగుళ్లనుండి నెత్తురు వచ్చుచున్నదనెను. పుల్ల గ్రుచ్చుకొన్నదేమో యంటిమి. ఒక మంగళవారము సాయంకాలము మమ్ము పెరటిలోనికి పిలిచి, సిగ్గుపడుచు, నెలసరి పదియవ దినమునకు వచ్చినను ఆగలేదని చెప్పెను. మొగము తెల్లగా పాలిపోయి యుండెను. రక్తము తక్కువైనదని మేమే నిశ్చయించి నువ్వులుండలు చేసి పెట్టితిమి. మునగాకు పప్పులో వేసితిమి. “శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, ఇంటినిండా పేరంటం. వ్రతం కానీ తల్లీ, శనివారం డాక్టరమ్మ దగ్గరకు వెళదాం” అంటిమి. ఆ పిల్ల తలయూపెను. శుక్రవారమునాడు ఆమెయే తోరములకు ముడులు వేసెను. వచ్చిన పేరంటాండ్రకు శనగలు పంచిపెట్టెను. శనివారము తెల్లవారుజామున ముక్కునుండి కారిన నెత్తురు రెండు తువ్వాళ్లు తడిసినను నిలువలేదు. ఆ నాలుగు దినముల యాలస్యము మా మొదటి తప్పు.

మా యూరి డాక్టరమ్మగారు రక్తము పరీక్షింపించిరి. నెత్తురు గడ్డకట్టుటకు తోడ్పడు ప్లేట్‌లెట్లు లక్షన్నరకు తగ్గకుండ నుండవలసినవి పదునాలుగువేలే యుండెను. ఆమె మమ్ము బట్టలు తెచ్చుకొనుటకైన ఇంటికి పోనీయక, అచ్చటినుండియే కారులో నగరమునకు పంపిరి. అచ్చటి పెద్దయాసుపత్రిలో నొక వైద్యురాలు చుక్క నెత్తుటిని గాజుపలకపై పూసి సూక్ష్మదర్శినిలో చాలసేపు చూచిరి. ఇది అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకీమియా యను అరుదైన రక్తపు క్యాన్సరు కావచ్చుననియు, జన్యుపరీక్షలలో నిశ్చయమగుటకు కొన్ని దినములు పట్టుననియు, కాని మందు మాత్ర మీ రాత్రియే మొదలిడవలెననియు చెప్పిరి. నిశ్చయము కాకమునుపే మందేమియని మా వారడిగిరి. ఈ వ్యాధిలో మొదటి దినములే ప్రమాదకరములు. తలలోనో ఊపిరితిత్తులలోనో రక్తస్రావమై, పేరు తెలియకమునుపే రోగి చేయిదాటిపోవచ్చును. వ్యాధి ఇది కాదని తేలినచో మాత్ర మానివేయవచ్చును గాని, పోయిన దినము మరలి రాదు అని ఆమె సమాధానమిచ్చిరి. మా నాలుగు దినములు మాకు జ్ఞప్తికి వచ్చి నోట మాట రాలేదు.

ఈ వ్యాధి యెట్టిదో మాకు తెలిసినంత వరకు చెప్పెదము. మన యెముకలలోని మూలుగ నెత్తుటి కణములకు పుట్టినిల్లు. అచ్చట పుట్టిన తెల్లకణములు కొన్ని దశలు దాటి పెరిగి పెద్దవై, పిదపనే రక్తములోనికి వచ్చి తమ పని చేయవలెను. మానవుని కణములలో క్రోమోజోములను పోగులు కలవు. వానిలో పదునైదవదియు, పదునేడవదియు విరిగి, వాని ముక్కలు తారుమారుగా అతుకుకొనినచో, ఆ యతుకునుండి ఒక విపరీతమైన ప్రోటీను పుట్టును. అది తెల్లకణములను పెరుగనీయక నడుమనే నిలిపివేయును. పెరుగని పిల్లకణములు మూలుగనంతయు నాక్రమించి, తక్కిన కణములకు చోటు లేకుండ చేయును. అంతే కాదు, వానిలోని పదార్థములు వెలువడి నెత్తురు గడ్డకట్టు ఏర్పాటునే చెడగొట్టును. ఆ చేతులమీది మచ్చలు, ఆ చిగుళ్ల నెత్తురు, ఆ నిలువని నెలసరి యన్నియు దీనివలననే. మూలుగలో పుట్టు తీవ్రమైన మైలాయిడ్ ల్యుకీమియాలలో ఇది యించుమించు పదింట నొకటి. తల్లిదండ్రులనుండి సంక్రమించునది కాదు, అంటువ్యాధి కాదు, ఎవరి పాపఫలమును కాదు.

ఆ రాత్రి మాత్రలు మొదలయ్యెను. ప్లేట్‌లెట్లును, ప్లాస్మాయు ఎక్కించిరి. మా వారియొద్ద చదివి నగరమున ఉద్యోగములు చేసికొనుచున్న పూర్వవిద్యార్థులు పదునొకండుగురు వచ్చి రక్తమిచ్చిరి. సోమవారమునాటికి మా వదినగారును, అత్తగారును వచ్చిరి. ఆ మధ్యాహ్నమే వైద్యురాలు ఆ కాగితము తెచ్చిరి.

అందు రెండు మందుల పేర్లు కలవు. మొదటిది ట్రెటినాయిన్, అదివరకే యిచ్చుచున్న మాత్ర. రెండవది నరములోనికి ఎక్కించునది, ఆర్సెనిక్ ట్రయాక్సైడు. “ఆర్సెనిక్ అంటే ఏమిట్రా?” అని అత్తగారడిగిరి. మా వారు అబద్ధము చెప్పలేక “పాషాణమమ్మా” అనిరి. మాకు మా తాతగారి మందులపెట్టె జ్ఞప్తికి వచ్చెను. వైద్యము తెలిసిన ఆయన ఆ పెట్టెలో గౌరీపాషాణమున్న యరకు వేరుగ తాళము వేసికొని, తాళపుచెవి మొలత్రాటికి కట్టుకొనెడివారు. అది యిదియే.

అత్తగారు లేచి నిలుచుండిరి. “పిల్లకు పాషాణం ఎక్కిస్తారా? దానికి మీరంతా సంతకాలు పెడతారా? ఇది వైద్యం కాదురా, పరీక్ష. దిక్కులేనివాళ్లమని మన పిల్లమీద ప్రయోగం చేస్తున్నారు” అని కంపించిపోయిరి. మా వదినగారు కాగితమును మా చేతిలో పెట్టి, “నువ్వు చదువుకున్నదానివమ్మా. నీ మాటే నాకు మాట” అని కన్నీరు పెట్టుకొనిరి. మేము చదివినది ఇంట తండ్రిగారు చెప్పిన అమరము, రఘువంశము, భాగవతము. ఆ కాగితములోని మాటలకు అమరములో నర్థములు దొరకవు. మేమును వణకితిమి.

వైద్యురాలు కోపించుకొనలేదు. కుర్చీ లాగికొని అత్తగారి యెదుట కూర్చుండిరి. “అమ్మగారూ, ఇది మీ మనుమరాలిమీద చేసే పరీక్ష కాదు. పరీక్షలు ఎప్పుడో జరిగిపోయాయి. వాటికి ఒప్పుకొన్నవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు ఒప్పుకోబట్టే ఇది మీ పిల్లకు మందు అయింది” అనిరి. ఆ మాట మా చెవిలో నేటికిని మ్రోగుచున్నది. ఆ పిమ్మట ఆమె చెప్పినదియు, తరువాతి నెలలలో ఆసుపత్రి వసారాలో కూర్చుండి మా వారు తెచ్చిన వ్యాసములలో మేము చదివినదియు నొకచోట చేర్చి చెప్పెదము.

1957లో నార్వే దేశపు వైద్యుడు హిల్లెస్టాడ్ అనునాయన ఈ వ్యాధిని వేరుగా గుర్తించి, ముగ్గురు రోగులను గురించి వ్రాసెను. కొన్ని వారములలోనే ప్రాణము తీయు వ్యాధియని అప్పటి మాట. 1973లో ఫ్రాన్సు వైద్యులు డౌనోరుబిసిన్ అను తీవ్రమైన మందుతో కొందరికి మేలు చేసిరి గాని, బ్రదికినవారికన్న పోయినవారే యెక్కువ. 1977లో అమెరికాలో జానెట్ రౌలీ యను విదుషీమణి, తన సహచరులతో కలిసి, ఆ పదునైదు పదునేడు క్రోమోజోముల తారుమారును కనిపెట్టెను.

షాంఘై నగరపు రూయిజిన్ ఆసుపత్రిలో వాంగ్ జెన్యీ యను వైద్యుడుండెను. క్యాన్సరు కణములను చంపుట యొక్కటియే మార్గమా, పెరుగక నిలిచినవానిని పెరుగునట్లు చేసిన చాలదా యని యాయన చాలకాలము యోచించెను. బడిలో అల్లరి చేయు పిల్లవానిని వెడలగొట్టక, చదువు చెప్పి పెద్దవానిని చేయుట వంటిది ఆ యోచన. విటమిన్ ఏ కుటుంబమునకు చెందిన ట్రెటినాయిన్ అను పదార్థము, గాజుపాత్రలలోని కణములపై అట్టి పని చేయుట కనబడెను. 1985లో అయిదేండ్ల బాలిక యొకతె యీ వ్యాధితో, మృత్యుముఖమున, ఆ నగరపు పిల్లల ఆసుపత్రిలో నుండెను. అది వాంగుగారి భార్య వైద్యురాలుగా పనిచేయుచుండిన ఆసుపత్రి. తక్కిన మందులు పనిచేయని ఆ బిడ్డకు ఈ మందు నోటితో నిచ్చిరి. ఆ బిడ్డ బ్రదికెను. 1988లో వారు 24 మంది రోగులను గురించి ప్రకటించిరి. అందరికిని వ్యాధి అణగిపోయెను.

కాని అణగుట వేరు, పోవుట వేరు. ఆ మాత్ర యొక్కటియే పుచ్చుకొన్నవారిలో చాలమందికి కొన్ని నెలలకు వ్యాధి మరల తిరుగబెట్టెను. అందుచేత తీవ్రమైన క్యాన్సరు మందులను దానికి జోడించిరి, చాలమంది నిలిచిరి. అయినను తిరుగబెట్టినవారి కేమి చేయవలెను?

దాని జవాబు చైనా యుత్తరభాగమున, హార్బిన్ నగరమున నుండెను. 1970ల ప్రారంభమున అచ్చటి వైద్యకళాశాలవారు, పల్లెటూరి వైద్యు డొకడు వాడుచున్న మందును పరిశీలించిరి. అందు పాషాణము, పాదరసము, కప్పవిషము కలసి యుండెను. జాంగ్ టింగ్‌డాంగ్ అను వైద్యుడును, ఆయన సహచరులును అందు పనిచేయునది పాషాణమే యని తేల్చి, తక్కిన రెంటిని తీసివేసి, ఎంత యిచ్చిన మందగునో, ఎంత మించిన విషమగునో కొలిచి చూచిరి. 1997లో షాంఘై వైద్యులు, వ్యాధి తిరుగబెట్టినవారిలో ఈ మందొక్కటే పుచ్చుకొన్న పదిమందిలో తొమ్మిదిమందికి అది లొంగినట్లు ప్రకటించిరి. నమ్మనివారు నమ్మలేదు. 1998లో న్యూయార్కు వైద్యులు 12 మందికిచ్చి చూడగా 11 మందికి మేలయ్యెను. 2000 సంవత్సరమున అమెరికా ప్రభుత్వము దానిని ఔషధముగా నంగీకరించెను.

మనకు దగ్గరి మాట మరియొకటి కలదు. మన జిల్లాలవారెందరో పెద్ద జబ్బు రాగానే రైలెక్కు వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో 1998 మొదలు 2004 వరకు, కొత్తగా వ్యాధి సోకిన 72 మందికి ప్రధానముగ ఈ పాషాణపు మందుతోనే వైద్యము చేసి చూచిరి. తక్కిన మందుల వెల భరింపలేని కుటుంబములే మన దేశమున నధికము గదా. నూటికి 86 మందికి వ్యాధి అణగినట్లు 2006లో ప్రకటించిరి. పేదవారికి తక్కువ వైద్యము చేయుట కాదు, తక్కువ వెలలో మంచి వైద్యము కలదా యని వెదకుట అది.

కట్టకడపటి ప్రశ్న మిగిలెను. ఆ మాత్రయు పాషాణమును కలిపి యిచ్చినచో, జుట్టు రాల్చి ఒడలు గుల్ల చేయు తీవ్రమైన మందుల యవసరము లేకుండ పోవునా? దీనిని తేల్చుటకు ఇటలీ, జర్మనీ దేశముల వైద్యులు ఫ్రాంచెస్కో లొకోకో గారి యాధ్వర్యమున 2007 మొదలు 2010 వరకు 162 మందిని చేర్చుకొనిరి. తెల్లకణములు మితిమీరి పెరుగని రోగులే వీరు. వీరిలో ఎవరికి ఏ వైద్యమను దానిని వైద్యుడు నిర్ణయింపలేదు, రోగి నిర్ణయింపలేదు. చీటీ వేసినట్లు యాదృచ్ఛికముగా నిర్ణయమయ్యెను.

ఈ చీటీ మాట విని అత్తగారు “ప్రాణాలతో చీట్లాటా?” అనిరి. మాకును మొదట అట్లే తోచెను. కాని మన యింటి పనిలోనే దాని న్యాయము కలదు. ఆవకాయకు పాత నూనె మంచిదా, కొత్తగా వచ్చిన నూనె మంచిదా యని చూడదలచితిమనుకొందము. కొత్త నూనెపై మోజుగలవారు గట్టి ముక్కలన్నియు ఏరి కొత్త జాడీలో వేయుదురు; మెత్తబడినవి పాత జాడీకి పోవును. ఏడాది చివర కొత్త జాడీ బాగున్నదన్నచో అది నూనె మహిమయా, ముక్క మహిమయా? ఒకే చెట్టుకాయ ముక్కలను కన్నులు మూసికొని రెండు జాడీలలో పంచినప్పుడే నిజము తెలియును. వైద్యుని ప్రేమకూడ కన్ను కప్పును, అందుకే చీటీ. మరియు పాత జాడీలోనివారిని గాలికి వదలలేదు. వారికిచ్చినది అప్పటికి లోకములో తెలిసిన మేలైన వైద్యమే. కొత్తది పాతదానికి తీసిపోదని తేలిన చాలునని వారనుకొనిరి. తీరా చూడగా కొత్తదియే మించెను. రెండేండ్లకు పాత పద్ధతివారిలో నూటికి 91 మందియు, కొత్త పద్ధతివారిలో 99 మందియు జీవించి యుండిరి. 2013లో ఈ ఫలితము వెలువడెను. మా పిల్లకు వ్రాసిన మందులు ఆ రెండే.

ఆ రెండు మందులు పనిచేయు తీరు వింతైనది. ఆ విపరీతపు ప్రోటీనునకు అతుకు కలదంటిమి గదా. అతుకునకు ఒక వైపు ట్రెటినాయిన్ పట్టును. రెండవ వైపు పాషాణము పట్టును. రెండును కలిసి దానిని విరుగగొట్టగా, నిలిచిపోయిన పిల్లకణములు మరల పెరుగ నారంభించును.

ఇంత విన్న పిదప అత్తగారు కొంతసేపు మాటాడక, ఆ షాంఘై బాలికను తలచుకొని, “ఆ తల్లి గుండె ఎంత రాయి చేసుకుందో” అనిరి. అప్పుడు వైద్యురాలు మా చేతిలోని కాగితము తీసికొని, “మీరందరూ మాట్లాడుకున్నారు. పిల్లకు పందొమ్మిదేళ్లు. సంతకం తనది, మీరు సాక్షులు మాత్రమే. తనను ఎవరూ అడగలేదే?” అనిరి.

మేము సిగ్గుతో క్రుంగిపోయితిమి. మూడడుగుల దూరమున మంచముమీద నుండి ఆ పిల్ల అన్నియు వినుచునే యున్నది. పెరటిలో తన కష్టము చెప్పుకొన్ననాడు వ్రతము తరువాతననియు మేమే నిర్ణయించితిమి. నేడును ఆమె ప్రాణమునుగూర్చి మేమే వాదించుకొనుచుంటిమి. ఇది మా రెండవ తప్పు. ఆమె నీరసముగా చేయి చాచి, “అత్తయ్యా, ఆ కాగితం ఇలా ఇవ్వండి. అర్థం కానివి నేనే అడుగుతాను” అనెను. నాలుగు ప్రశ్నలడిగెను. గుండెకు హాని కలుగునా? జుట్టు పోవునా? చదువు ఎన్నాళ్లు ఆగును? పిమ్మట పిల్లలు పుట్టుదురా? నాలుగవ ప్రశ్న అడుగునప్పుడు తల్లివైపు చూడలేదు. వైద్యురాలు దాచక చెప్పిరి. గుండె లయను యంత్రముతో తరచుగా చూచుచుందురు. నెత్తుటిలోని పొటాషియము తగ్గకుండ కాచుకొందురు. జుట్టు చాలవరకు నిలుచును. చదువు ఎనిమిది నెలలు వెనుకబడును. మందు సాగునంత కాలము గర్భము ధరింపరాదు, ఆ మాత్ర గర్భస్థశిశువునకు మిక్కిలి హానికరము. మందులు ముగిసి తగిన గడువు దాటిన పిదప సంతానమునకు సాధారణముగా అడ్డులేదు.

పిల్ల చేవ్రాలు చేసెను. అత్తగారికి భాగవతములోని క్షీరసాగరమథన ఘట్టము కంఠస్థము. ఆమె దగ్గరకు వచ్చి మనుమరాలి నుదురు నిమిరి, “హాలాహలం త్రాగింది శివుడు, సరేనన్నది పార్వతి. అమ్మవారు ఒప్పుకోగా లేనిది నేనొప్పుకోనటే!” అనిరి. సాక్షి చోట మేము చేవ్రాలు చేసితిమి.

తొమ్మిదవ దినమున పిల్లకు ఊపిరి సలుపలేదు, జ్వరము వచ్చెను, రెండు దినములలో బరువు నాలుగు కిలోలు పెరిగి పాదములు పొంగెను. మేము పాషాణమే యనుకొని బెదరితిమి. కాని నర్సులు దినదినమును తూకము వేయుచుండినది దీనికొరకే. పిల్లకణములు ఒక్కుమ్మడిగా పెరుగునపుడు కొందరికిట్లగును. న్యూయార్కు వైద్యులు 1992లో దీనిని వివరించి వ్రాసిరి. తెలియని కాలమున కొందరు దీనితోనే మరణించిరి. తెలిసినది గనుక వెంటనే డెక్సామెథసోన్ అను మందిచ్చిరి. మూడవనాటికి పిల్ల ఇడ్లీ యడిగెను. ఎవరో యొకరి యూపిరి ఆగినందున మా పిల్ల యూపిరి నిలిచినదని ఆనాడు మాకు తెలిసెను.

అయిదు వారములకు మూలుగ శుభ్రపడెను. పిదప నెల విడిచి నెల, వారమున కయిదు దినముల చొప్పున, నాలుగు విడతలు పాషాణమును, రెండు వారములు విడిచి రెండు వారములు మాత్రలును సాగెను. వేసవికి వైద్యము ముగిసెను. మూలుగలో ఆ యతుకు జాడ లేదని పరీక్షలో తేలినది. ఇంకను కొంతకాలము పరీక్షలకు పోవలసియున్నది.

ఇక మా యనుభవముచే కొన్ని మాటలు విన్నవింతుము. కారణము లేని నీలిమచ్చలు, చిగుళ్ల నెత్తురు, ఆగని నెలసరి కనబడినచో వంటింటి వైద్యమునకు పూనుకొనక, పండుగకు ఆగక, ఆ దినమే రక్తపరీక్ష చేయింపుడు. విటమిన్ ఏ జాతి మందని విని క్యారెట్లు తినిపించుటగాని, పాషాణము పనిచేసినదని విని నాటు పాషాణపు గుళికలు మ్రింగించుటగాని చేయకుడు. తాతగారి పెట్టెకు తాళమున్నది ఊరకే కాదు. కొలత తప్పినచో అది విషమే.

మీ యింట నెవరికైన, కొత్త మందు పరీక్షలో చేరుదురాయని వైద్యులడిగినచో, ప్రయోగమను మాట విని పారిపోనక్కరలేదు. భయముచే తలయూపను అక్కరలేదు. ఇదివరకు ఈ మందు ఎందరికిచ్చిరి? ఇప్పుడున్న వైద్యమేది, దానిలో లోటేమి? చీటీలో పాతది వచ్చినచో మాకు జరుగునదేమి? హాని కలిగిన వైద్యమును, పరిహారమును ఎవరిత్తురు? నీతిసంఘము దీనిని అంగీకరించినదా? ఇవి యడుగుడు. మన దేశమున 2009 జూన్ 15వ తేదీ మొదలు ఇట్టి ప్రతి పరీక్షను, రోగులను చేర్చుకొనకమునుపే, బహిరంగ పట్టికలో నమోదు చేయవలెను. 2019 నాటి నియమముల ప్రకారము, రోగికి తెలిసిన భాషలో అన్నియు వివరించి వ్రాతమూలకముగా సమ్మతి పొందవలెను. చేరినవారు ఏనాడైన, కారణము చెప్పకయే వైదొలగవచ్చును. అందుచేత వారికి జరుగు మామూలు వైద్యమునకు లోటు రాకూడదు. అన్నిటికన్న ముందు, మంచముమీద నున్నవారి నడుగుడు.

చికిత్స ముగిసిననాడు వైద్యురాలు మరియొక చిన్న కాగితము తెచ్చిరి. పరీక్షకై తీసిన మూలుగలో మిగిలినదానిని, పేరు తీసివేసి, ముందుముందు పరిశోధనలకై భద్రపరచుకొనవచ్చునా యని అందున్నది. కాదన్నను చికిత్సలో భేదమేమియు నుండదనియు నున్నది. ఈమారు మేము చేయి చాపలేదు. కాగితము నేరుగ పిల్లకు పోయెను. ఆమె మొదటినుండి చివరివరకు చదివి, “ఎవరికో పనికొస్తుందిగా, అమ్మమ్మా?” అని చేవ్రాలు చేసెను. అత్తగారు కలపు మూత తీసి యిచ్చినారు. అది ఆమె చేసిన సాక్ష్యము.

ఈ సంవత్సరము వరలక్ష్మీ వ్రతమునకు ఆ పిల్ల మా యింటనే యున్నది. ముందుదినము సాయంకాలము చేయి చూపి, “అత్తయ్యా, ఇక్కడ నీలిమచ్చ వచ్చింది” అనెను. పిండివంట పొయ్యిమీద నుండగానే స్టౌ ఆర్పివేసి డాక్టరమ్మగారియొద్దకు పోయితిమి. ప్లేట్‌లెట్లు రెండు లక్షల పైచిలుకున్నవి. బస్సు తలుపు తగిలిన మచ్చ అది. ఆ యేడు బూరెలు నేతిలో మాడలేదు గాని, పూర్ణము కొంచెము గట్టిపడినది. ఒక్కరును వంక పెట్టలేదు.